గోల్ ఎవరు కొట్టారో రాయండి: తెలుగు పత్రికల క్రీడా విభాగాలకు బహిరంగ లేఖ

తెలుగు దినపత్రికల క్రీడా పేజీలు చూసే సంపాదకులకు, డెస్కుల్లో పనిచేసే మిత్రులకు,

నమస్కారం. నేను నిజామాబాద్ జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో పీఈటీని. పదకొండేళ్లుగా ఆడపిల్లలకు ఫుట్‌బాల్ నేర్పిస్తున్నాను. మా స్టాఫ్ రూమ్ బయట ఒక నోటీసు బోర్డు ఉంది. అందులో సగం పరీక్షల టైంటేబుళ్లకు, సర్క్యులర్లకు పోతుంది. మిగతా సగం నాది. మీ పేజీల్లోంచి కత్తిరించిన వార్తలు అక్కడ అంటిస్తాను. ఈ ఉత్తరం రాయడానికి ఆ బోర్డే కారణం.

2025 మే 24, శనివారం రాత్రి. లిస్బన్‌లో యూరప్ క్లబ్బుల మహిళల చాంపియన్స్ లీగ్ ఫైనల్. ఒకవైపు బార్సిలోనా, ఇంకోవైపు లండన్ జట్టు ఆర్సెనల్. మన టైం ప్రకారం తొమ్మిదిన్నరకు మొదలైంది. ఇంట్లో అందరూ పడుకున్నాక, మేల్కొని ఉన్న మా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని ఫోన్లో చూశాను.

బార్సిలోనా గెలుస్తుందనే అందరూ అనుకున్నారు. 2021లో, 2023లో, 2024లో కప్పు వాళ్లదే. ప్రపంచ ఉత్తమ క్రీడాకారిణికి ఇచ్చే బాలన్ డోర్ అవార్డులు కూడా అంతకుముందు నాలుగేళ్లూ ఆ జట్టు వాళ్లకే వచ్చాయి, రెండు అలెక్సియా పుతెయాస్‌కు, రెండు ఐతానా బొన్మతికి. సెమీస్‌లో చెల్సీని అక్కడా ఇక్కడా 4-1, 4-1తో ఓడించి వచ్చారు. ఆర్సెనల్ మాత్రం క్వాలిఫయింగ్ రౌండ్ల నుంచి ఆడుకుంటూ వచ్చిన జట్టు. అక్టోబర్లో గ్రూప్ తొలి మ్యాచ్‌లోనే బయర్న్ చేతిలో 5-2తో ఓడింది. ఆ వెంటనే కోచ్ తప్పుకున్నాడు. సహాయ కోచ్‌గా ఉన్న రెనే స్లెహర్స్ పగ్గాలు అందుకుంది. క్వార్టర్స్‌లో రియల్ మాడ్రిడ్ చేతిలో 2-0తో ఓడి, సొంత గడ్డ మీద 3-0తో గెలిచారు. సెమీస్‌లో లియాన్ చేతిలో సొంత గడ్డ మీదే 2-1తో ఓడి, వాళ్ల ఊరెళ్లి 4-1తో కొట్టారు. ఆ లియాన్ ఎనిమిది సార్లు ఈ కప్పు గెలిచిన జట్టు.

ఫైనల్లో మొదటి సగంలో బంతి బార్సిలోనా వలలో పడింది కానీ ఆఫ్‌సైడ్. రెండో సగం మొదట్లో బార్సిలోనా పిల్ల క్లాడియా పీనా కొట్టిన షాట్ అడ్డకర్రకు తగిలింది. తర్వాత స్లెహర్స్ ఇద్దరిని కలిపి లోపలికి పంపింది, బెత్ మీడ్, స్టీనా బ్లాక్‌స్టీనియస్. 74వ నిమిషంలో మీడ్ ఒక చిన్న పాస్ ఇచ్చింది. బ్లాక్‌స్టీనియస్ గోల్ కీపర్ కాటా కోల్‌ను దాటించి వలలో వేసింది. అంతే, 1-0. అక్కడి నుంచి బార్సిలోనా ఎంత మీద పడ్డా ఆర్సెనల్ డిఫెన్స్ చలించలేదు. ఆర్సెనల్ ఈ కప్పు గెలవడం 2007 తర్వాత ఇదే మొదలు. ఇంగ్లండ్ నుంచి ఈ కప్పు గెలిచిన క్లబ్ ఇప్పటికీ అదొక్కటే. ఆ జట్టు డిఫెండర్, ఇంగ్లండ్ కెప్టెన్ లియా విలియమ్సన్ తొమ్మిదేళ్ల వయసులో, 2006లో ఆ క్లబ్‌లో చేరిన పిల్ల.

ఇదంతా మీకు తెలియదని కాదు. మర్నాడు పొద్దున మా వేసవి శిబిరంలో ఏం జరిగిందో చెప్పాలంటే ముందు ఇది చెప్పాలి.

ఐదున్నరకు గ్రౌండ్‌కు పోయేసరికి పద్నాలుగు మంది వచ్చి ఉన్నారు. అడుగు పెట్టీ పెట్టగానే, "మేడం, ఎవలు గెలిచిండ్రు?" అని చుట్టుముట్టారు. నోటితో చెప్తే సరిపోలేదు. ఒక పుల్ల తీసుకుని మట్టిలో పెనాల్టీ బాక్స్ గీశాను. గులకరాళ్లు బార్సిలోనా, వేపకాయలు ఆర్సెనల్. మీడ్ ఎక్కడుంది, డిఫెండర్ ఏ వైపు తిరిగింది, బ్లాక్‌స్టీనియస్ ఏ సందులో నిలబడింది అని ఒక్కో వేపకాయ జరుపుతూ చూపించాను. పుల్ల ఆగిన చోట పద్నాలుగు తలలు వంగి ఉన్నాయి. ఒక పిల్ల గోల్ కీపర్ గులకరాయిని వేలితో కొంచెం ముందుకు జరిపి, "ఈమె ఇక్కడ ఉండకుండా ఇంత ముందుకొస్తే ఆగేదా మేడం?" అని అడిగింది. పదమూడేళ్ల పిల్ల. ఆ ఒక్క ప్రశ్న కోసం నేను ఎన్నో నెలలు ఎదురుచూశాను. పాస్ ఇవ్వడం నేర్పగలం, షాట్ కొట్టడం నేర్పగలం. స్థానం గురించి ఆలోచించడం మ్యాచ్ చూస్తేనో వింటేనో చదివితేనో తప్ప రాదు.

ఆ తర్వాత అదే గోల్‌ను వాళ్లు గ్రౌండ్లో ఆడి చూసుకున్నారు. బ్లాక్‌స్టీనియస్ పేరు నోరు తిరగక "స్టీనక్క" అని పెట్టుకున్నారు. అందరూ స్టీనక్కే అవుతామన్నారు, మీడ్ అవుతామన్న వాళ్లు లేరు. పాస్ లేకుండా గోల్ ఎక్కడిదని నచ్చజెప్పి వంతులు వేశాను. ఎండ ఎక్కేదాకా ఆ గోల్ ఎన్నిసార్లు పడిందో లెక్కలేదు.

ఇంటికి వెళ్లేముందు ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి, "మేడం, ఇది పేపర్ల వస్తదా? బోర్డుకు పెడదాం" అంది. బస్టాండు దగ్గర నాలుగు పేపర్లు కొన్నాం. రెండింటిలో ఫైనల్ ఊసే లేదు. ఒకదానిలో మ్యాచ్ జరగబోతోందన్న పాత వార్త ఉంది. నాలుగోదానిలో పేజీ అడుగున, ప్రకటనకు పైన, నాలుగు వరుసలు. ఆర్సెనల్ గెలిచింది, బార్సిలోనా ఓడింది. గోల్ కొట్టిన మనిషి పేరు లేదు.

ఆ పిల్ల ఆ నాలుగు వరుసలు రెండుసార్లు చదివింది. "స్టీనక్క పేరేది?" అంది. నా దగ్గర జవాబు లేదు.

మీ ఇబ్బందులు నాకు కొంత తెలుసు. మ్యాచ్ అయ్యేసరికి రాత్రి పదకొండు దాటింది. జిల్లా ఎడిషన్ అప్పటికే అచ్చుకు వెళ్లిపోయి ఉంటుంది. ఐపీఎల్ నడుస్తున్న రోజులు, పేజీలు దానికే చాలవు. ఆ ఆదివారం పేపర్‌తో నాకు పేచీ లేదు. సోమవారం కూడా చూశాను, మంగళవారం కూడా చూశాను. అప్పటికి టైం సరిపోలేదని అనలేం కదా. అదే 24వ తేదీన చైనాలోని వుహాన్‌లో ఆసియా మహిళల చాంపియన్స్ లీగ్ మొట్టమొదటి ఫైనల్ కూడా జరిగింది. వుహాన్ జియాంగ్డా, మెల్‌బోర్న్ సిటీ 1-1తో సమానమై, పెనాల్టీల్లో వుహాన్ 5-4తో గెలిచింది. అది మన ఖండం కప్పు. మన ఒడిశా ఎఫ్‌సీ ఆ టోర్నీలో గ్రూప్ దశ దాకా వెళ్లి, జపాన్ జట్టు ఉరావా చేతిలో 17-0తో ఓడింది. అంత తేడా ఎందుకుందో, ఉరావా పిల్లలు ఏ వయసులో మొదలుపెడతారో, వాళ్లకు ఏడాదికి ఎన్ని మ్యాచ్‌లు దొరుకుతాయో ఒక్క వ్యాసం వచ్చి ఉంటే నేను బోర్డు నడిమధ్యలో అంటించేదాన్ని. ఓటమి వార్త కూడా మాకు పాఠమే.

ఇక మన సౌమ్య గురించి చెప్పాలి. గుగులోతు సౌమ్యది మా జిల్లా. తండా నుంచి వచ్చిన లంబాడీ బిడ్డ. క్రొయేషియా వెళ్లి అక్కడి క్లబ్ దినామో జాగ్రెబ్‌కు ఆడి వచ్చింది. 2025 ఏప్రిల్‌లో కల్యాణి స్టేడియంలో ఈస్ట్ బెంగాల్, ఒడిశా మ్యాచ్. ఒడిశా అంతకుముందు ఏడాది చాంపియన్. ఈస్ట్ బెంగాల్ గెలిస్తే దేశంలోని మహిళల లీగ్ ఐడబ్ల్యూఎల్ టైటిల్ ఖాయం. లీగ్ పద్ధతిలో ఫైనల్ అంటూ ఉండదు కానీ ఆ రోజు ఆడింది ఫైనలే. స్కోరు 1-0, ఆ ఒక్క గోల్ సౌమ్యది. పురుషుల జట్టు 2004లో నేషనల్ లీగ్ గెలిచాక, ఇరవై ఏళ్లు దాటాక ఆ క్లబ్‌కు దేశస్థాయి లీగ్ టైటిల్ తెచ్చింది ఈ ఆడపిల్లలు. ఆ ఏడాది అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య (ఏఐఎఫ్ఎఫ్) ఉత్తమ క్రీడాకారిణి అవార్డు కూడా సౌమ్యకే ఇచ్చారు.

అవార్డు వచ్చినప్పుడు రాశారు. కాదనను, బోర్డు మీద ఇంకా ఉంది. ఆ కటింగ్ పిల్లలతో బయటికి చదివించాను. తండా గురించి ఉంది, ఇంటి కష్టాల గురించి ఉంది, ఆమె పట్టుదల గురించి ఉంది. చివరిదాకా చదివాక ఒక పిల్ల, "అక్క ఏ పొజిషన్ల ఆడుతది మేడం?" అని అడిగింది. సగం పేజీ వ్యాసంలో ఆ మాట ఎక్కడా లేదు. ఆమె వింగర్ అని, లైను పట్టుకుని పరుగెత్తి డిఫెండర్‌ను ఒంటరిని చేస్తుందని, లోపలికి కోసుకొచ్చి కొడుతుందని నేను చెప్పాల్సి వచ్చింది.

నాకు బాధ కలిగించేది ఇదే. మగవాళ్ల మ్యాచ్ రాసేటప్పుడు మీరు ఆట రాస్తారు. ఏ ఓవర్లో మలుపు తిరిగింది, ఎవరు క్యాచ్ వదిలేశారు, కెప్టెన్ బౌలింగ్ ఎందుకు మార్చాడు అని విడమరిచి రాస్తారు. ఆ రాత నాకు ఇష్టం, చిన్నప్పటి నుంచి అది చదివే పెరిగాను. ఆడవాళ్ల దగ్గరికి వచ్చేసరికి ఆట పక్కకు పోయి కష్టాలు ముందుకొస్తాయి. నాన్న ఏం పని చేసేవాడు, ఇంట్లో ఎవరు వద్దన్నారు, ఎన్ని మైళ్లు నడిచింది. అవి అబద్ధాలు కావు. మా పిల్లల్లో చాలామందివి అవే ఇళ్లు, పేదరికం ఎట్లుంటుందో వాళ్లకు పేపర్ చెప్పనక్కర్లేదు. తెలియనిది ఆ గోల్ ఎలా పడిందన్నదే. ఎడమ కాలితోనా కుడి కాలితోనా, పాస్ ఎవరిచ్చారు, గోల్ కీపర్ ఎక్కడ పొరపాటు పడింది? ఇవే వాళ్లు అడుగుతారు.

శీర్షికల సంగతి కూడా ఒక మాట. "అమ్మాయిలు అదరహో", "మన అమ్మాయిలు మెరిశారు". ప్రేమతోనే పెడతారని తెలుసు. విలియమ్సన్‌కు ఆ రాత్రికి ఇరవై ఎనిమిదేళ్లు. కప్పు గెలిచిన జట్టులో డిఫెండర్, ఇంగ్లండ్ జట్టుకు కెప్టెన్. ఆమె పేరే శీర్షికలో పెట్టొచ్చు కదా. పేరు చదివితేనే పిల్లలకు పేరు నోట నిలుస్తుంది.

మా నాన్న పోలీసు శాఖలో పనిచేసి రిటైరయ్యారు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచిన సంగతి ఆయన నిన్న జరిగినట్టు చెప్తారు. 1950లో డ్యూరాండ్ కప్ ఫైనల్లో మోహన్ బగాన్‌ను ఓడించింది, కోచ్ రహీం సాబ్ పిల్లలకు పాసులు ఎలా నేర్పేవారు, సికింద్రాబాద్ బలరాం ఎలా ఆడేవాడు, 1962లో జకార్తాలో కొరియా మీద ఆసియా క్రీడల ఫైనల్ 2-1 ఎలా అయింది, అన్నీ నోటికి వచ్చు. అందులో చాలా మ్యాచ్‌లు ఆయన చూడలేదు, కొన్నిటికి ఆయన పుట్టనే లేదు. బ్యారక్‌లో పెద్దవాళ్లు చెప్పుకున్నవి, పేపర్లలో వచ్చినవి. ఎవరో శ్రద్ధగా రాశారు కాబట్టి, ఎవరో పదిసార్లు చెప్పారు కాబట్టి ఒక కానిస్టేబుల్ ఇంట్లో డెబ్బై ఏళ్ల నాటి కప్ ఫైనల్ బతికి ఉంది. మా పిల్లలు ముసలివాళ్లయ్యాక కల్యాణిలో సౌమ్య కొట్టిన గోల్ గురించి మనవరాళ్లకు చెప్పాలంటే, దాన్ని ఇవాళ ఎవరో ఒకరు రాయాలి.

రాయకపోతే ఏమవుతుందో ఇంగ్లండ్ చూపించింది. 1920 డిసెంబర్ 26న లివర్‌పూల్‌లోని గూడిసన్ పార్కులో డిక్ కెర్ లేడీస్, సెయింట్ హెలెన్స్ అనే ఆడవాళ్ల జట్ల మ్యాచ్‌కు 53 వేల మంది వచ్చారు. ఆడినవాళ్లలో చాలామంది ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడవాళ్లు. ఆ మరుసటి ఏడాది, 1921 డిసెంబర్ 5న, ఫుట్‌బాల్ ఆడవాళ్లకు తగిన ఆట కాదని చెప్పి అక్కడి ఫుట్‌బాల్ సంఘం తన క్లబ్బుల గ్రౌండ్లను వాళ్లకు మూసేసింది. దాదాపు యాభై ఏళ్లు అట్లాగే. వాళ్లు పార్కుల్లో, రగ్బీ గ్రౌండ్లలో ఆడుతూనే ఉన్నారు. ఆ ఆడినవి లోకానికి తెలియలేదు. 1971లో మొదటి మహిళల కప్ ఫైనల్ క్రిస్టల్ ప్యాలెస్‌లో జరిగింది, సౌతాంప్టన్ 4-1తో స్టీవర్టన్ థిసిల్‌ను ఓడించింది. ఆ ఫైనల్ వెంబ్లీ స్టేడియానికి చేరడానికి 2015 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ రోజు చెల్సీ, నాట్స్ కౌంటీ మ్యాచ్‌కు 30,710 మంది వచ్చారు. 2023లో అదే వెంబ్లీలో చెల్సీ, మాంచెస్టర్ యునైటెడ్ ఫైనల్‌కు 77,390 మంది. ఎనిమిదేళ్లలో ఆడవాళ్ల కాళ్లకు కొత్త బలమేమీ రాలేదు. బీబీసీ ఆ మ్యాచ్‌లు అందరికీ చూపించింది, పత్రికలు క్రీడాకారిణుల పేర్లు రాశాయి, పేరు తెలిసిన జనం టికెట్ కొన్నారు.

ఇక్కడ ఎవరూ గ్రౌండ్లు మూయలేదు. మాకున్నది చెక్క స్తంభాల గోల్, వల లేదు, ఎడమవైపు కార్నర్ దగ్గర వానాకాలంలో నీళ్లు నిలుస్తాయి. అయినా ఆడుకుంటున్నాం. బూట్లు అక్కలవి చెల్లెళ్లకు వస్తాయి. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ (ఎస్‌జీఎఫ్) సెలెక్షన్స్‌కు పోయినప్పుడు, పిల్లను పంపమని తల్లిదండ్రులను ఒప్పించడానికి నేను చేతిలో తీసుకెళ్లేది మీ పేపర్ కటింగ్. "ఇగో చూడు పెద్దయ్యా, మన జిల్లా పిల్ల, ఫొటో వచ్చింది" అంటే ఇంటి పెద్ద కళ్లజోడు పెట్టుకుని చూస్తాడు. వంద మాటలు చెప్పినా కదలని మనిషి అచ్చులో చూసి మెత్తబడతాడు. మీ అక్షరానికి ఊళ్లో ఎంత విలువుందో మీకంటే నాకే బాగా తెలుసనుకుంటాను.

అందుకే అడుగుతున్నాను. పేజీలు పెంచమని కాదు, క్రికెట్ తగ్గించమని కాదు. నాలుగు వరుసలే ఇవ్వగలిగితే నాలుగు వరుసలే ఇవ్వండి. అందులో గోల్ కొట్టిన వాళ్ల పేరు, పాస్ ఇచ్చిన వాళ్ల పేరు, ఏ నిమిషమో ఉండాలి. పెద్ద వ్యాసం రాసే రోజున ఆమె ఏ స్థానంలో ఆడుతుందో, ఆ స్థానంలో చేసే పనేమిటో రాయండి. ఏజెన్సీ ఇచ్చిన ఇంగ్లిష్ వార్తలో మన తెలుగు పిల్ల ఉంటే ఏ జిల్లా పిల్లో ఒక్క మాట కలపండి. మీకు ఊరూరా విలేకరులున్నారు, పదిమందిలో ఒక్కరైనా గ్రౌండ్ దాకా వచ్చి పిల్లల ఆట చూసి వెళ్లేలా చూడండి. సన్మానం రోజు వస్తారు, శాలువాల ఫొటో తీసుకుంటారు. మ్యాచ్ రోజు కూడా రమ్మనండి. కుర్చీ వేస్తాం, ఏ పిల్ల ఎవరో పక్కన కూర్చుని చెప్తాను.

ఈ జూలై 5న చియాంగ్ మయిలో మన దేశం జట్టు థాయిలాండ్‌ను 2-1తో ఓడించి ఆసియా కప్‌కు వెళ్లింది. అప్పుడు కొన్ని పత్రికలు బాగా రాశాయి. రెండు గోల్సూ సంగీత బాస్ఫోర్‌వి అని స్పష్టంగా వేశాయి. ఆ కటింగ్ అంటించిన రోజు బోర్డు ముందు గుంపు కూడింది, హెడ్మాస్టర్ గారు వచ్చి గంట కొట్టారని చెప్పి పంపాల్సి వచ్చింది. చేయగలరని అందుకే నమ్మకం.

రాబోయే ఆగస్టులో ఈస్ట్ బెంగాల్ ఆసియా మహిళల చాంపియన్స్ లీగ్ ప్రిలిమినరీ మ్యాచ్‌లు ఆడబోతోంది. యూరప్‌లో వచ్చే ఫైనల్ 2026 మే 23న ఓస్లోలో. అప్పుడు కూడా ఐపీఎల్ రోజులే, అప్పుడు కూడా మ్యాచ్ అర్ధరాత్రి దగ్గరికి రావచ్చు. మర్నాటి పేపర్‌కు అందకపోతే ఎల్లుండి వేయండి. మా పిల్లలు ఎల్లుండి పేపర్ కూడా చూస్తారు.

ఇట్లు,
ఒక పీఈటీ
నిజామాబాద్ జిల్లా, 2025 జూలై